భవనానికి మెడికల్ లీవు

సమన్వయ శాఖలో ఒక కాగితం ఏ సెక్షనుకు పోవాలో నిర్ణయించేది అందులోని విషయం కాదు, అందులోని మొదటి పెద్ద మాట. "నీరు" అని ఉంటే ప్లంబరు బిల్లులు చూసే సెక్షనుకు పోతుంది. "నిప్పు" అని ఉంటే క్యాంటీన్ వ్యవహారాల సెక్షనుకు పోతుంది. "పనితీరు" అని ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని ఉద్యోగుల సర్వీసు సంగతులు చూసే ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనుకు పోతుంది. ఈ పద్ధతి వల్ల ఇంతవరకూ ఒక్క కాగితం కూడా దారి తప్పలేదని ఆ శాఖవాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. తప్పిన కాగితాలేవీ తిరిగి రాలేదు గనక, తప్పినట్టు రుజువు కూడా లేదు.

అందుచేత "ప్రభుత్వ భవనముల పనితీరును శాస్త్రీయముగా పరీక్షించి మెరుగుపరచవలెను" అనే సర్క్యులరు వచ్చినప్పుడు అది ఇంజనీర్ల మొహం చూడలేదు. తిన్నగా వచ్చి ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు వల్లభాచార్యులుగారి బల్ల మీద వాలింది. దాని వెనకాలే కమలిని కూడా వచ్చింది.

కమలిని ఇంజనీరే గానీ ఇళ్ళు కట్టే ఇంజనీరు కాదు. కట్టిన ఇల్లు ఎందుకు ఉడుకుతోంది, గోడ ఎందుకు చెమ్మగిల్లుతోంది, లోపల కూర్చున్నవాళ్ళకి తలనొప్పి ఎందుకు వస్తోంది అన్నవి కనిపెట్టి, ఏం చేస్తే బాగుపడుతుందో చెప్పడం ఆమె చదువుకున్న విద్య. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే ఆమె ఇదంతా ఓపిగ్గా చెప్పేది. విన్నవాళ్ళు తల ఊపి, "వాస్తన్నమాట!" అనేవారు. "వాస్తు కాదండీ, గాలీ వెలుతురూ" అంటే, "అదేనమ్మా, వాస్తంటే మరేంటి?" అని, తమ ఇంటి వాయవ్యంలో మరుగుదొడ్డి ఉండొచ్చా అని అడిగేవారు. సర్క్యులరు పుణ్యమా అని ఆమెకి సమన్వయ శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. గాలిలో బొగ్గుపులుసు వాయువును కొలిచే డబ్బా ఒకటి, గోడలో చెమ్మ కొలిచే సూది ఒకటి, వేడిని రంగుల్లో చూపించే కెమెరా ఒకటి సంచీలో వేసుకుని జిల్లా ఆఫీసుకు చేరింది.

ఆ ఆఫీసు పేరు సమన్వయ భవన్. గోదావరి కాలువ గట్టున, వెనకటి ఇంజనీర్లెవరో బుద్ధిగా కట్టిన భవనం. ఎత్తయిన పైకప్పు, పెద్ద పెద్ద టేకు కిటికీలు, వాటి పైన వేడిగాలి బయటికి పోయేందుకు వెంటిలేటర్లు, ఎండ గది లోపల పడకుండా వెడల్పాటి చూరు. కానీ రెండేళ్ళ క్రితం దానికి ఆధునికీకరణ జరిగింది. టేకు కిటికీలు తీసేసి పడమటి వైపు నిలువెత్తు గాజు బిగించారు. గాజు మీద నీడ పడుతోందని చూరు కొట్టేశారు. గదికి అందం రావాలని పైకప్పు కింద అట్టలతో ఇంకో కప్పు వేశారు. నేల మీద తివాచీ, గోడలకి ఏసీలు పెట్టారు. ఏసీ చల్లదనం బయటికి పోకూడదని వెంటిలేటర్లన్నీ ఇటుకలతో పూడ్చేశారు. ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి, గాజు అద్దంలో క్రాపు సరిచేసుకుని వెళ్ళాడు. అప్పటినుంచి ఆఫీసులో ఆవులింతలు మొదలయ్యాయి.

కమలిని వెళ్ళిన రోజున మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే ఆఫీసంతా సత్యనారాయణవ్రతంలో అయిదో కథ వింటున్నవాళ్ళలా తూగుతోంది. రికార్డు సెక్షన్లో సత్యవేణి అనే జూనియర్ అసిస్టెంటు ఒక్కతే మేలుకుని ఉంది. ఆమె మేలుకుని ఉన్నది కూడా దగ్గు వల్ల. పమిటచెంగు మూతికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఉబ్బసానికి వాడే పీల్చుడు మందు పట్టుకుని ఉంది.

"ఎన్నాళ్ళనుంచి అమ్మా ఇలా?" అంది కమలిని.

"ఈ గాజులవీ పెట్టినకాణ్ణించేనండీ. చిన్నప్పుడు కాస్త ఆయాసం ఉండేది, పెళ్ళయ్యాక పోయింది. మళ్ళీ పట్టుకుందండి. చిత్రమేంటంటే, ఇంటికెళ్ళి వాకిట్లో కూచుంటే అరగంటలో తేటపడిపోద్దండి. మా ఆయనేమో, నీకు ఊపిరాడక కాదే, ఆఫీసంటే పడక అంటాడు."

కమలిని నిచ్చెన వేసుకుని కప్పు అట్ట ఒకటి పక్కకి జరిపింది. పైన ఏసీ నీళ్ళగొట్టం ఊడిపోయి అట్టల మీద తీరిగ్గా కారుతోంది. అట్టల వెనక నల్లటి బూజు, వంకాయ మీద పుచ్చులా, గోడ పొడుగునా పాకింది. కిందికి దిగి డబ్బా చూస్తే బొగ్గుపులుసు వాయువు బయటి గాలిలో ఉన్నదానికి ఆరేడింతలుంది. ఏసీలు బయటి గాలిని తేవు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతాయి. అంటే అరవైమంది ఉద్యోగులు రెండేళ్ళుగా ఒకరు వదిలిన గాలి ఒకరు, వంతులవారీగా, సమన్వయంతో పీల్చుకుంటున్నారన్నమాట.

ఆమె నివేదిక రాసింది. వెంటిలేటర్లు తెరవాలి. తడిసిన అట్టలూ తివాచీ తీసెయ్యాలి. నీళ్ళగొట్టం బాగుచెయ్యాలి. పడమటి గాజుకి నీడ కల్పించాలి. అంతే. చివర మాత్రం మనసాగక ఒక వాక్యం చేర్చింది: "ఈ భవనం జబ్బుపడి ఉంది, ఇందులో పనిచేసేవాళ్ళనూ జబ్బుపరుస్తోంది."

జాయింట్ డైరెక్టర్ భుజంగరావుగారు మొదటి నాలుగు సిఫార్సులూ చదివి మొహం చిట్లించారు.

"చూడమ్మా, వెంటిలేటర్లు తెరచుట అనగా, అవి మూయుట పొరపాటు అని అంగీకరించుట. ఆధునికీకరణకు ముందు స్థితికి పోవుట అనగా, ఆధునికీకరణ జరిగియుండవలసినది కాదని సూచించుట. అట్టి సూచన మన స్థాయిలో చేయదగినది కాదు."

"కానీ సార్, సత్యవేణిగారికి ఊపిరాడడం లేదు. మిగతావాళ్ళకి రోజూ తలనొప్పి. మీకూ..."

"నాకు తలనొప్పి ఉన్నమాట వాస్తవమే. అయితే అది నా హోదాకు సంబంధించినది." ఆయన కాగితం తిప్పి, ఆమె జతచేసిన కెమెరా ఫోటో చూశారు. పడమటి గోడంతా ఎర్రగా మండుతున్నట్టుంది. "ఇదేమిటి, ఇంత ఎర్రగా?"

"సాయంత్రం నాలుగింటికి ఆ గాజు నలభయ్యారు డిగ్రీలుంటుంది సార్."

"నలభయ్యారా!" భుజంగరావుగారు కళ్ళజోడు తీశారు. "మనిషికి నలభై దాటితే ఐసు పెడతారే!"

అప్పటిదాకా నుదుటికి అమృతాంజనం రాసుకుంటున్న వల్లభాచార్యులుగారు, చివరి వాక్యం మీద వేలు పెట్టారు. ఆయన సర్వీసు రూల్సన్నీ విష్ణు సహస్రనామంలా కంఠతా వచ్చిన మనిషి. "సార్, ఇక్కడ జబ్బుపడి ఉంది అని రాశారు. జబ్బయితే ఎవరి తప్పూ కాదు గదా. ఎవరికైనా రావచ్చు. తప్పు దిద్దాలంటే విచారణ ఉండాలి. జబ్బు నయం చెయ్యాలంటే సర్టిఫికెట్ చాలు."

కమలిని నవ్వబోయి ఆగిపోయింది. ఎందుకంటే మిగతా ఇద్దరూ నవ్వడం లేదు.

"అది మా సబ్జెక్టులో వాడే మాటండీ. భవనానికి నిజంగా జబ్బు అని కాదు..."

"మాట అన్నాక అర్థం ఉంటుంది గదమ్మా!" అన్నారు ఆచార్యులుగారు నొచ్చుకుంటూ. "ఫైలు ఎస్టాబ్లిష్‌మెంటులో ఉంది. పనితీరు సరిగా లేదు. కారణం అనారోగ్యం. సివిల్ సర్జన్‌కి తగ్గని వైద్యుడు పరీక్ష చెయ్యాలి. రూలు ఆయన ఏ ఊళ్ళో ఉండాలో చెప్పింది గానీ, రోగి ఇటుకలతో చేసి ఉండకూడదని ఎక్కడా చెప్పలేదు."

భుజంగరావుగారి మొహం చాలా కాలం తర్వాత వికసించింది. "రోగనిర్ధారణకు ఉత్తరువులిడుడు," అన్నారు.

జిల్లా ఆసుపత్రినుంచి డాక్టర్ సన్యాసినాయుడుగారు వచ్చారు. విజయనగరం వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నవాడు. అలాంటి మెమోలు ఎన్నో చూసి, ఎదురు రాయడం కంటే వెళ్ళి రావడమే తేలికని ఎప్పుడో తెలుసుకున్నవాడు. సర్టిఫికెట్ ఫారం తీసి స్తంభానికి ఆనించి పూర్తిచెయ్యడం మొదలుపెట్టారు.

"వయసు?"

"యాభై ఒకటి," అన్నారు ఆచార్యులుగారు.

"పుట్టుమచ్చలు?"

ఆచార్యులుగారు చుట్టూ చూసి, "మెట్ల దగ్గర కిళ్ళీ మరక ఒకటి. వెనకవైపు ఇంకోటి" అన్నారు.

డాక్టరుగారు అదీ రాసుకుని, స్టెతస్కోపు మెళ్ళోంచి తీసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మెళ్ళో వేసుకున్నారు. కమలినిని పక్కకి పిలిచి, "ఏటమ్మా, నువ్వు చదువుకున్నదానివిలా ఉన్నావు. ఏటి దీని బాధ?" అన్నారు మెల్లిగా.

కమలిని ఆయన్ని రికార్డు సెక్షన్లోకి తీసుకెళ్ళింది. అట్ట జరిపి బూజు చూపించింది. ఇటుకలు పూడ్చిన వెంటిలేటర్లు చూపించింది. డాక్టరుగారు బూజు వంక చూసి, దగ్గుతున్న సత్యవేణి వంక చూసి, ఆమె వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. లేచేసరికి ఆయన మొహంలో మెమోలు మోసే విసుగు లేదు.

"ఈ పిల్ల ఊపిరితిత్తుల్లో ఉన్నదీ ఈ గోడలో ఉన్నదీ ఒకటే జబ్బమ్మా. ఏటి రాయమంటావు?"

ఆమె చెప్పింది. ఆయన రాశారు: "రోగికి శ్వాస ఆడుట లేదు. శ్వాసరంధ్రములు పూడుకొనిపోయినవి. తక్షణం తెరవవలెను."

ఇన్ని రోజులుగా ఇంజనీరింగు భాషలో ఎవరికీ పట్టని మాట, వైద్య భాషలోకి మారేసరికి ఆఫీసంతా పాకిపోయింది. అటెండర్లు భవనం పక్కనుంచి వెళుతూ గొంతు తగ్గించారు. ఒక ఆవిడెవరో మెట్ల మీద నిమ్మకాయలు పెట్టింది. భుజంగరావుగారు మాత్రం ప్రిస్క్రిప్షను మీద ఇలా రాశారు: "రంధ్రములు తెరచుట శస్త్రచికిత్స కిందికి వచ్చును. శస్త్రచికిత్స గుర్తింపు పొందిన ఆసుపత్రిలోనే జరుగవలెను. రోగిని ఆసుపత్రికి తరలించుడు." దానికి ఆసుపత్రినుంచి జవాబు వచ్చింది: "రోగి ఆసుపత్రికన్న పెద్దదిగా ఉన్నందున చేర్చుకొనుటకు వీలుపడదు."

ఆ ఉత్తరం మీద చర్చ జరుగుతుండగానే సత్యవేణి పడిపోయింది. పై అరలోంచి ఒక కట్ట తీస్తూ, దగ్గుతెర ఆగక, పెదాలు నీలంగా మారి, కట్టతో సహా కింద పడింది. కమలినీ అటెండరూ కలిసి ఆమెను వరండాలోకి మోసుకొచ్చారు. ఆసుపత్రికి చేర్చేదాకా కమలిని చెయ్యి ఆమె వదల్లేదు. "నాకు ఆఫీసంటే పడకేం కాదండీ" అని మాత్రం, ఊపిరికీ ఊపిరికీ మధ్య, రెండుసార్లంది.

ఆ సాయంత్రం సన్యాసినాయుడుగారు ఆసుపత్రి కాగితం మీద, చిరిగిపోయేలా నొక్కి రాశారు: "ఈ భవనము ఒక్క పూట కూడా పనిచేయుటకు వీలులేదు."

"అంటే మెడికల్ లీవు," అన్నారు ఆచార్యులుగారు. వెంటనే ఆయన మొహం పాలిపోయింది. "సార్, సెలవులో ఉన్న ఉద్యోగి చేత పనిచేయించడం నేరం. మనం రేపు లోపల కూర్చుంటే, సెలవులో ఉన్న భవనం చేత పనిచేయించినట్టే!"

భుజంగరావుగారు ఉలిక్కిపడి లేచి, కుర్చీ తీసుకుని బయటికి నడిచారు. ఆయన వెనక ఆఫీసంతా నడిచింది. అధికారి సెలవులో ఉంటే పక్కనున్నవాడికి అదనపు బాధ్యతలిస్తారు గనక, పక్కనున్న సైకిల్ షెడ్డుకు ఇన్‌చార్జి ఉత్తర్వులిచ్చారు. నాలుగువైపులా తెరిచి, పైన పెంకు వేసిన షెడ్డది. బల్లలు అందులోకి చేరాయి.

కాలువ మీదనుంచి గాలి వచ్చేది. వారం తిరిగేసరికి అమృతాంజనం సీసా ఆచార్యులుగారి సొరుగులోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నాలు ఎవరూ తూగడం లేదు. ఏళ్ళ తరబడి కదలని ఫైళ్ళు కొన్ని కదిలాయి. అవి గాలికి కదిలాయా, పనివల్ల కదిలాయా అన్నది తేలకపోయినా, కదలడం మాత్రం అందరూ చూశారు. ఆసుపత్రినుంచి వచ్చిన సత్యవేణి షెడ్డు చివర కూర్చుని, మందు ముట్టకుండా రోజంతా పనిచేసి, సాయంత్రం కమలినితో, "మా ఆయన్ని ఒకసారి తీసుకొచ్చి చూపించాలండి" అంది.

కానీ సెలవులు ఎవరికైనా అయిపోతాయి. భవనం ఖాతాలో ఉన్నవన్నీ అయిపోయాక మెడికల్ బోర్డు కూర్చుంది. శస్త్రచికిత్స వీలుకాదు, సెలవు లేదు. కనక అనారోగ్య కారణంగా పదవీ విరమణ. అలా విరమించినవారి మీద ఆధారపడినవారికి కారుణ్య నియామకం ఇవ్వాలి. సమన్వయ భవన్ నీడలోనే పుట్టి, దాని గోడనే ఆనుకుని పెరిగిన సైకిల్ షెడ్డు అర్హురాలని తేలింది.

"దానికి ముందు నో డ్యూస్ సర్టిఫికెట్," అన్నారు ఆచార్యులుగారు. "రిటైరయ్యే ఉద్యోగి తన దగ్గరున్న ప్రభుత్వ సామానంతా అప్పగించాలి. ఏసీలు, తివాచీ, కప్పు అట్టలు, గాజులు."

కమలిని ఆ మాట విని తలెత్తింది. ఇన్ని రోజులూ ఈ మనుషుల మాటలకి లోపల పళ్ళు కొరుక్కుంటూ తిరిగిన ఆమెకి, చటుక్కున ఒక సంగతి తట్టింది. వీలైనంత మామూలుగా, "వెంటిలేటర్లలో ఇటుకలు కూడా ఆధునికీకరణ సామానేనండీ" అంది.

ఆచార్యులుగారు ఆమె వంక, మొదటిసారి, గౌరవంగా చూశారు. "బాగా గుర్తుచేశావమ్మా! ఒక్క ఇటుక తగ్గినా సర్టిఫికెట్ ఆగిపోయేది."

కూలీలు వచ్చారు. ఆమె నివేదికలో అడిగి అడిగి అలిసిపోయిన పనులన్నీ నో డ్యూస్ పేరిట రెండు రోజుల్లో జరిగిపోయాయి. ఏసీలు దిగాయి. బూజు పట్టిన అట్టలు ఊడాయి. వెంటిలేటర్లలోంచి ఇటుకలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, లెక్కకి సరిపోయి, షెడ్డు పక్కన గుట్టగా చేరాయి. మూడో రోజున భవనానికి సన్మానం. గుమ్మానికి శాలువా కప్పి, స్తంభానికి దండ వేసి, భుజంగరావుగారు మాట్లాడారు. "సౌమ్యత, స్థిరత్వము దీని సహజ గుణములు. ఎన్నడూ ఎదురు మాట్లాడి ఎరుగదు. సెలవు పెట్టినప్పుడు కూడా హెడ్‌క్వార్టర్సు విడిచిపోలేదు." కొందరు ఉద్యోగులు నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు.

దండ వాడకముందే రెండో ఉపద్రవం వచ్చింది. రెగ్యులర్ నియామకం పొందిన షెడ్డుకి హోదాకి తగ్గ సదుపాయాలుండాలని, గుట్టగా పడున్న గాజులూ అట్టలూ ఏసీలూ దానికే బిగించాలని భుజంగరావుగారు నిశ్చయించారు. నాలుగువైపులా గాజు. సందులు పూడ్చడానికి ఆ ఇటుకలే.

సత్యవేణి ఆ మాట విని కమలిని దగ్గరకొచ్చింది. "ఏవండీ, మళ్ళీనా?" అంది. కమలిని నివేదిక రాద్దామని కలం తీసి, మళ్ళీ మూసేసింది. లేచి తిన్నగా ఆచార్యులుగారి బల్ల దగ్గరికెళ్ళింది.

"షెడ్డు నియామకం ఉత్తర్వులో పుట్టినతేదీ వెయ్యాలి కదండీ?"

"వెయ్యకుండా ఎలా? అదే చూస్తున్నా. కట్టింది ఎప్పుడో..." ఆచార్యులుగారు పాత ఫైలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయారు.

"తొమ్మిదేళ్ళేనండీ," అంది కమలిని. "ఈ వయసులో అంత బరువు నెత్తిన పెట్టడం..."

"బరువు సంగతి తర్వాత! తొమ్మిదేళ్ళదాని చేత ఇన్నాళ్ళుగా ఆఫీసు నడిపించామమ్మా మనం! బాలకార్మిక చట్టం!"

కబురు భుజంగరావుగారి గదికి, అంటే షెడ్డులో రెండో స్తంభం దగ్గరికి, క్షణంలో చేరింది. ఆయన చేతిలో కాఫీకప్పు బల్ల మీద పెట్టబోయి, బల్ల షెడ్డు నేల మీద ఉందని గుర్తొచ్చి, చేతిలోనే పట్టుకున్నారు. "ఇందుకు శిక్ష ఏమి?" అన్నారు, వాడుకభాషకి రెండడుగుల దూరంలో.

"వెంటనే పనిలోంచి తీసేసి బళ్ళో వేస్తే మాఫీ చేస్తారండి," అన్నారు ఆచార్యులుగారు.

ప్రహరీగోడకి అవతల మునిసిపల్ బడి ఉంది. హెడ్మిస్ట్రెస్ కనకమహాలక్ష్మిగారు మూడు తరగతుల్ని ఒకే గదిలో కుక్కి పాఠాలు చెప్పిస్తున్న మనిషి. షెడ్డును చేర్చుకుంటారా అని ఉత్తరం వెళ్ళిన రోజునే ఆవిడ మారు ప్రశ్న వెయ్యకుండా, ప్రహరీలో దారి కొట్టించి, నాలుగో తరగతి బెంచీలు పంపేసింది. "ఏ క్లాసులో వేసుకుంటారు?" అని ఆచార్యులుగారు అడిగితే, "ఏ క్లాసైనా దాంట్లోనే వేస్తానండీ" అంది. షెడ్డులో ఎక్కాల అరుపులు మొదలయ్యాయి.

ఇక ఆఫీసుకి నీడ లేదు. వేసవి ముంచుకొస్తోంది. ఆఖరికి రిటైరైన ఉద్యోగిని కాంట్రాక్టు మీద మళ్ళీ తీసుకోవచ్చన్న రూలు ఆచార్యులుగారికి జ్ఞాపకం వచ్చింది. కాంట్రాక్టుకి మెడికల్ సర్టిఫికెట్ అడగరు. ఏసీ ఇవ్వరు. తివాచీ, గాజు, హంగులేవీ ఉండవు. స్టోరులో మూలపడి ఉన్న పాత టేకు కిటికీలు, "కాంట్రాక్టు స్థాయికి ఇవి చాలును" అన్న నోటుతో, మళ్ళీ ఎక్కాయి. కొట్టేసిన చూరు స్థానంలో తాటాకు పందిరి వేశారు. అది మరీ చవక.

ఉద్యోగులు లోపలికి వెళ్ళారు. వెంటిలేటర్లలోంచి వేడిగాలి పైకి పోతోంది, కిటికీల్లోంచి కాలువగాలి వస్తోంది. కమలిని డబ్బా తీసి చూస్తే, లోపలి గాలికీ బయటి గాలికీ పెద్ద తేడా లేదు. సత్యవేణి మొగుడు ఒకరోజు నిజంగానే వచ్చాడు. భార్య దగ్గకుండా పనిచేస్తుంటే కాసేపు చూసి, "నేనేదో అనుకున్నానండీ" అని కమలినికి చెప్పి, సిగ్గుపడుతూ వెళ్ళిపోయాడు.

భుజంగరావుగారు పైకి నివేదిక పంపారు. భవనము రెగ్యులర్‌గా ఉన్నప్పటికన్న కాంట్రాక్టులో పనితీరు మెరుగుపడినదనియు, భద్రత తగ్గినకొద్దీ శ్రద్ధ పెరుగుననియు, కాబట్టి రాష్ట్రములోని భవనములన్నిటిని కాంట్రాక్టు కిందికి మార్చవచ్చుననియు అందులో ఉంది. భవనముల సమస్య సిబ్బంది వ్యవహారమని రుజువైనందున ఇంజనీరు అవసరము లేదని కూడా ఉంది. ఆ చివరి వాక్యం ప్రకారం కమలిని ఉద్యోగం ఆ నెలాఖరుకి పోయింది. సత్యవేణి ఆమెకి చెగోడీల డబ్బా ఇచ్చి, బస్టాండు దాకా వచ్చింది. గట్టిగా ఒక్కసారి ఊపిరి పీల్చి చూపించి నవ్వింది.

బస్సు ఊరు దాటుతుండగా కమలినికి ఫోను వచ్చింది. సన్యాసినాయుడుగారు. భవనానికి చేసిన వైద్యానికి ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చి, వంతెనలకి బదిలీ చేశారట.

"ఇక్కడ ఏటి మీద పాత వంతెన దగ్గర నిలబడ్డానమ్మా," అన్నారు. "మధ్య స్తంభానికి నా చెయ్యి పట్టేంత బీట ఉంది. లారీ వెళ్తే వణుకుతోంది. రాసి పంపితే ఏ సెక్షనుకి పోతాదో ఏటో!"

కమలిని సీట్లో నిటారుగా కూర్చుంది. "బస్సులు కూడా పోతున్నాయా దానిమీద?"

"ఎందుకు పోవూ? ఇప్పుడే పెళ్ళివారి బస్సొకటి పోయింది. గుండె ఆగినంత పనైంది నాకు."

"ముందు రాకపోకలు ఆపించండి సార్. ఇవాళే."

"ఇంజనీర్లు చెప్తేనే ఆపలేదట. డాక్టర్ని, నేనేటని రాయను?"

కమలిని ఒక్క క్షణం ఆలోచించింది.

"బెడ్ రెస్ట్ అని రాయండి," అంది.